మెయిలింగ్ లిస్టూ, న్యూస్‌గ్రూపూ, అర అడుగు నీళ్లూ

మా రిటైర్డు ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో నన్ను ఈ మధ్య మూడోసారి చేర్చారు. మొదటి రెండుసార్లూ నేనే బయటికి వచ్చేశాను. పొద్దున్నే ఇరవై గులాబీ పువ్వులు, వాటికి ఇరవై నమస్కారాలు, మధ్యలో ఎవరికో మోకాలి ఆపరేషన్ జరిగిందన్న కబురు. ఆ కబురు పువ్వుల కింద పడిపోయి నాకు నాలుగు రోజుల తరువాత కనిపించింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ గ్రూపులో అందరికీ తెలుసు కనుక నేను వెళ్లిపోయినా ఎవరూ ఏమీ అనుకోలేదు. మళ్లీ చేర్చారు, అంతే.

మా మేనకోడలు ఈ తతంగం చూసి, "అత్తా, మీ ఉద్యోగం రోజుల్లో ఈ గోల లేదు కదా" అంది. ఎందుకు లేదు? వాట్సాప్ పుట్టకముందే ఈ గోల మా శాఖలో నా చేతుల మీదుగా నడిచింది. ఆ గోలలోంచే ఒక పెద్దాయన పరువు, కొన్ని ఊళ్ల పంట బతికి బయటపడ్డాయి. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే రోజులు మరీ ఎక్కువ లేవు. ఉన్నవాటిలో అది మొదటిది. ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీరుని. కాలువల శాఖలో చేరాను. గట్ల మీద తిరిగే పని ఆడవాళ్లకెందుకని పెద్దలు జాలిపడి నన్ను విజయవాడ ఆఫీసులోనే ఉంచేశారు. ఆ జాలి నాకు పదేళ్లపాటు ఒళ్లంతా కారం రాసినట్టు మండింది. శాఖకు కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ గది తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక నాకిచ్చారు. బెంజ్ సర్కిల్‌కు కాస్త అవతల, అద్దె భవనం మేడమీద, ఏసీ ఉన్న ఒకే ఒక్క గది అది. ఏసీ మనుషుల కోసం కాదు, మిషన్ల కోసం. అయినా ఎండాకాలంలో మా ఆఫీసులో సగం మందికి ఆ గదిలోనే ఏవో పనులు పడేవి.

మా డివిజన్‌కు పెద్ద ఈఈ గారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన కింద సబ్ డివిజన్‌కొకరు చొప్పున డిప్యూటీలు, అంటే డీఈలు, వాళ్ల కింద అసిస్టెంటు ఇంజనీర్లు, అంటే ఏఈలు. ఒక్కొక్క ఏఈకి కాలువలో కొంత పొడవు అప్పగించి ఉంటుంది, దాన్ని సెక్షన్ అంటారు. పొద్దున ఆరింటికి ప్రతి సెక్షన్‌లోనూ గేజీ చూస్తారు. గేజీ అంటే నీటి లోతు తెలిపే పలక. అడుగులు గీసి గోడకు బిగించి ఉంటుంది. ఆ అంకెలు ఫోన్లలోనూ కాగితాల మీదా కిందినుంచి పైకి పాక్కుంటూ మా ఈఈ గారి బల్ల మీదికి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. ఒక్కోసారి మర్నాడయ్యేది. పైన ఎంత నీరు వదలాలి, ఎక్కడ షట్టర్లు ఎత్తాలి అన్నదంతా ఆ అంకెల మీదే నడిచేది.

"ఈ గేజీల సంగతి అందరూ ఒకేసారి కంప్యూటర్లో చూసుకుని మాట్లాడుకునేట్టు చేయగలరా అమ్మా?" అని ఒకరోజు ఈఈ గారు అడిగారు. చేయగలనన్నాను. తగవు అక్కడే మొదలైంది.

అందుకు అప్పట్లో రెండు దారులు ఉండేవి. ఒకటి మెయిలింగ్ లిస్టు. ఒక్క చిరునామాకు ఉత్తరం రాస్తే లిస్టులో ఉన్న అందరి మెయిల్ పెట్టెల్లోనూ తలో కాపీ పడుతుంది, పోస్టుమాన్ ఇంటింటికీ తిరిగి ఇచ్చినట్టు. రెండోది న్యూస్‌గ్రూపు. పేరులో న్యూస్ ఉన్నా దానికీ వార్తలకీ సంబంధం లేదు. ఒక మిషన్‌లో ఒకే కాపీ ఉంటుంది. కావలసినవాళ్లు ఫోన్ లైను కలుపుకుని అక్కడికి వచ్చి చదువుకుంటారు, దాని కిందే జవాబు రాస్తారు, ఆ జవాబు కింద ఇంకొకరు రాస్తారు. లైబ్రరీ బల్ల మీద పేపరు లాంటిది. అది మన ఇంటికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. కానీ ఎవరు ఏ మాటకు ఏం జవాబు చెప్పారో మొదటినుంచీ వరసగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడు కూడా పాత సంగతంతా చదువుకోవచ్చు.

నా ఓటు న్యూస్‌గ్రూపుకి. ఈఈ గారి ఓటు లిస్టుకి.

"ఉత్తరం పేరుపెట్టి మనిషికి వెళ్లాలమ్మా. అందాక ఎవడూ నాకు తెలీదనడానికి వీల్లేదు. మీరు చెప్పే బోర్డు మీద రాస్తే మనవాళ్లు చూస్తారా? బోర్డు చూడ్డం మన శాఖలో ఎవరి డ్యూటీ?"

"మన సబ్ డివిజన్ల ఫోన్ లైన్లు ఎలాంటివో మీకు తెలుసు కదా సార్. నలభై ఉత్తరాలు దిగేసరికి భోజనాల వేళవుతుంది."

"భోంచేసొచ్చి చదువుకుంటారు."

పై అధికారి మాట కనుక లిస్టే పెట్టాం. అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట, చివరికొచ్చింది. ఈఈ గారు మొదటి ఉత్తరం రాశారు: రోజూ గేజీ అంకెలు పంపవలెను. మర్నాటికి ముప్పై జవాబులు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకటే మాట, "నోటెడ్ సార్". జవాబు ఎవరూ అడగలేదు. కానీ పెద్దాయన ఉత్తరం అందాక మారు పలక్కపోతే మర్యాదేముంటుంది? ఆ ముప్పై నోటెడ్లూ ముప్పై మందికీ వెళ్లాయి. ఒకాయన మరీ మర్యాదస్తుడు, తనకు అందిన ప్రతి నోటెడ్‌కీ విడివిడిగా నోటెడ్ అని రాశాడు. రెండు సబ్ డివిజన్లలో మెయిల్ పెట్టెలు నిండిపోయి, లోపలున్నవి తుడిస్తే తప్ప కొత్తవి దిగలేదు.

ఇంకొక ముచ్చట ఉంది. మా శాఖలో ఏఈ తిన్నగా ఈఈకి రాయకూడదు. త్రూ ప్రాపర్ చానల్ అంటారు, డీఈ గారి ద్వారానే రావాలి. కాగితాల నాటి ఆ అలవాటు బట్టలు కూడా మార్చుకోకుండా కంప్యూటర్లోకి వచ్చేసింది. ఏఈలు అంకెల్ని లిస్టుకు రాయరు, డీఈకి రాస్తారు. డీఈ "సమాచారం నిమిత్తం సమర్పించడమైనది" అని ఈఈ గారికి పంపుతాడు. ఈఈ గారు దాన్ని మళ్లీ లిస్టులో అందరికీ పంపుతారు. ఎవరి అంకెలు వాళ్లకే మూడోరోజున పెద్దల ముద్రతో తిరిగివచ్చేవి. అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి వేసిన చాప మీద ఆర్డర్లూ నోటెడ్లూ తప్ప ఇంకేమీ కూర్చోలేదు.

పైగా ఈఈ గారికి తెర మీద కనిపించేదాని మీద నమ్మకం లేదు. వచ్చిన ప్రతి మెయిలూ ప్రింటు తీయించి, చిల్లులు వేయించి, ట్యాగుతో ఫైలుకు కట్టించేవారు. నోటెడ్లు కూడా. "కాగితం లేని మాటకి శాఖలో విలువ లేదమ్మా" అనేవారు. ఆ ప్రింటరు గరగర వినలేక నేను తలుపు వేసుకునేదాన్ని.

ఎండాకాలం వచ్చింది, కాలువలు కట్టేశారు. అది మరమ్మతుల కాలం. నీళ్లు లేవు కనుక గేజీలు లేవు, గేజీలు లేవు కనుక నోటెడ్లూ లేవు. ఆ ఖాళీలో ఒక పాత మిషన్‌ను బాగుచేసి, రెండు నెలలు తంటాలు పడి న్యూస్‌గ్రూపు సిద్ధం చేశాను. ఈఈ గారు ఏ కళనున్నారో, "సరే, ఈ సీజనుకి మీ సరదా కూడా తీర్చుకోండి" అన్నారు. గెలిచానన్న ఊపులో అప్పుడు నేనొక పాడుపని చేశాను. మిషన్‌లో దాచిన లిస్టు ఉత్తరాలన్నీ తుడిచేశాను. చోటు చాలక అని రిపోర్టులో రాశాను. నిజం చెప్పాలంటే కసికొద్దీ తుడిచాను.

సార్వాకు, అంటే మొదటి పంటకు, నీళ్లు వదిలారు. అందరికీ సర్క్యులర్ పంపాను, ఫోన్లు చేశాను. న్యూస్‌గ్రూపులో స్వాగతం అంటూ నేను రాసిన సందేశం ఒక్కటే వారం రోజులు కూర్చుంది. రోజూ పొద్దున వెళ్లి చూసేదాన్ని. ఒక్కరూ వచ్చిన జాడ లేదు. ఆఫీసులో అందరికీ నవ్వులాట అయిపోయాను. మెట్ల దగ్గర ఈఈ గారు ఎదురుపడి, "ఏమ్మా, మీ కొట్లో ఈగలు తోలుకుంటున్నారట" అన్నారు. పక్కకు తప్పుకుని మెట్లెక్కాను.

ఎనిమిదో రోజున ఒక మనిషి వచ్చారు. చల్లపల్లి దాటి ఇంకా కిందికి వెళితే మా కాలువ ముగిసే చోటు, శివారు సెక్షన్. అక్కడి ఏఈ గారు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి మెట్టుమెట్టుగా ఎక్కి ఇంకో ఏడెనిమిది నెలల్లో రిటైరు కాబోతున్నారు. ఇంగ్లీషులో రాయాలంటే బిడియం, అందుకే లిస్టులో ఏనాడూ నోరు విప్పలేదు. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాశారు: "లాకు కింద ఆరు. నా దగ్గర మూడున్నర. ఇట్లు శివారు."

ఈ లాకు గురించి ఒక్క మాట. మా కాలువకు మధ్యలో ఒక లాకు ఉంది. పేరు చెప్పను. శివారుకు వెళ్లే ప్రతి నీటిబొట్టూ దాని షట్టర్ల కిందినుంచే వెళ్లాలి. దిగువవైపు గోడ మీద గేజీ ఆరడుగులు చూపిస్తే నీళ్లు నిండుగా వెళుతున్నట్టు లెక్క. ఆ లాకూ, శివారూ ఒకే డీఈ గారి కింద ఉండేవి.

మర్నాడూ ఏఈ గారు రెండంకెలు రాశారు. ఆ మర్నాడూ రాశారు. ఎవరూ లేని గదిలో ఆ మనిషి రోజూ మాట్లాడి వెళుతున్నట్టు ఉండేది. నాలుగో రోజు నేనే ఫోన్ చేశాను.

"ఏఈ గారూ, లిస్టులో ఎప్పుడూ రాయని మీరు ఇక్కడ ఎలా రాస్తున్నారండీ?"

"లిస్టులో రాస్తే ఈఈ గారి చేతికి ఉత్తరం ఇచ్చినట్టుంటదండి మేడమ్. మా డీఈ గారిని దాటిపోయినట్టు. ఇదైతే మీరు బోర్డన్నారు గదా. బోర్డుకి పై అధికారి ఎవరూ ఉండరు గదండి."

ఫోన్ పెట్టేశాక నామీద నాకే చిరాకేసింది. ఫోన్ లైన్ల గురించీ, మిషన్‌లో చోటు గురించీ రెండు నెలలు బుర్ర పగలగొట్టుకున్నాను. ఆయన చెప్పిన ఈ ఒక్క ముక్క నాకు తట్టలేదు. ఎవరి చేతిలో పడుతుందో తెలిసిన ఉత్తరంలో మనవాళ్లు మర్యాద రాస్తారు. ఎవరి చేతిలోనూ పడని చోట ఉన్నమాట రాస్తారు.

పై సెక్షన్ల ఏఈలు ఇద్దరికి ఆయన సంగతి చెప్పాను. వాళ్లూ వచ్చారు. పెద్దలెవరూ అటు తొంగిచూడటం లేదని తెలిశాక నోళ్లు లేచాయి. ఎక్కడ గుర్రపుడెక్క పేరుకుందో, ఎవరి దగ్గర ఎన్ని అంగుళాలు తగ్గిందో, అన్నీ ఒకదాని కింద ఒకటి పడటం మొదలైంది. రెండు వారాలకు ఇరవై మంది రాసేవారు. నా ఆనందానికి హద్దు లేదు.

కానీ శివారు అంకె మాత్రం మూడున్నర దాటలేదు. అక్కడ నారుమళ్లు ఎండిపోవడం మొదలైంది. రైతులు ఆటోలు, ట్రాక్టర్లు ఎక్కి విజయవాడ వచ్చి మా ఆఫీసు గేటు ముందు కూర్చున్నారు. లాకు దగ్గర ఆరడుగులు నిండుగా వెళుతోంది కనుక నీళ్లు మధ్యలో ఎవరో ఇంజన్లు పెట్టి తోడేస్తున్నారని పెద్దలు తేల్చేశారు. దాన్ని ఆపలేకపోయింది శివారు ఏఈ అని డీఈ గారు రిపోర్టు రాశారు. ఎస్ఈ గారు, అంటే మా ఈఈ గారికి కూడా పై అధికారి, సోమవారం పదకొండింటికి మీటింగు పెట్టారు. మెమో టైపు కావడానికి నా గదికే వచ్చింది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం. ఆ తరువాత వచ్చేది సస్పెన్షన్ అని అందరికీ తెలుసు. సర్వీసంతా ఒక్క మచ్చ లేని మనిషికి చివరి ఏడాదిలో ఇది.

శుక్రవారం సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి మెమో సంగతి చెప్పాను. చెప్పకూడదు. చెప్పాను.

"నా సంగతికేం గాని మేడమ్, నారు పోద్దండి. రెండోసారి చల్లారు. మూడోసారి చల్లడానికి అదునుండదు. నాలుగూళ్లకి ఈ ఏడు పంట లేనట్టే." మళ్లీ ఆయనే, "ఒక్క మాటండి. లాకు కింద ఎంతుంటే నా దగ్గర దానికి రెండడుగులు తక్కువుంటది. నేనొచ్చినకాడ్నించీ అంతే. ఇప్పుడు రోజూ రెండున్నర తక్కువ. దొంగతనమైతే రోజుకో లెక్కుండాలి గదండి. రోజూ కొలిచినట్టు అర అడుగే తోడుకెళ్లే దొంగ ఎక్కడన్నా ఉంటాడా?"

"ఇది డీఈ గారికి చెప్పారా?"

"కాగితం రాసిచ్చానండి. రెండుసార్లు."

ఆ కాగితాలు డీఈ గారి బల్ల దాటలేదు. పాత సీజను గేజీ రిజిస్టర్లు అడుగుదామంటే అవీ ఆయన బీరువాలోనే ఉన్నాయి, రెండో శనివారమూ ఆదివారమూ కలిసొచ్చి సోమవారం దాకా తాళం. "రెండడుగులే ఉండేది" అన్నది ఒక ముసలాయన నోటిమాటగా మిగిలింది. కాగితం లేని మాట. అప్పుడు గుర్తొచ్చింది, దాళ్వా చివర్లో ఆ అంకెలన్నీ లిస్టులో వచ్చాయని. వెంటనే ఇంకోటి కూడా గుర్తొచ్చింది, వాటిని తుడిచింది నేనేనని. సబ్ డివిజన్లకు ఫోన్లు చేశాను. పెట్టెలు నిండిపోతున్నాయని అందరూ ఎప్పుడో తుడిచేశారు. ఇక మిగిలింది ఈఈ గారి ఫైలు. రెండు వారాలుగా ఆయన ముందు తలెత్తుకుని తిరిగి, ఇప్పుడు వెళ్లి ఆ చెత్త ఇవ్వండని అడగాలి. ఆదివారం చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. కళ్లు మూసుకుంటే ట్యాగు కట్టిన ఆ ఫైలే కనిపించింది.

సోమవారం తొమ్మిదింటికి ఈఈ గారి గదిలో నిలబడ్డాను. బల్ల మీద మెమో ఉంది, ఇంకా సంతకం కాలేదు.

"సార్, దాళ్వాలో లిస్టుకు వచ్చిన మెయిళ్లు మీ దగ్గర ఉన్నాయా?"

"మీ మిషన్‌లో ఉండాలిగా."

"తుడిచేశాను సార్. కోపంతో తుడిచేశాను. తప్పు నాదే."

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. తిట్లకు సిద్ధపడ్డాను. తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. అటెండరును పిలిచి బీరువా పైఅరలోంచి ఫైలు దింపించారు. రెండు చేతులతో పట్టుకోవలసినంత లావు ఉంది. "నోటెడ్లు కూడా ఉంటాయి, చూసుకుని తిప్పండమ్మా" అన్నారు.

న్యూస్‌గ్రూపులోంచి మూడు వారాల అంకెలు నేను ప్రింటు తీసుకెళ్లాను. రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాం. నేను చదివాను, ఆయన పెన్సిలుతో తేడా కట్టారు. దాళ్వాలో లాకు అయిదు ముప్పావు, శివారు మూడు ముప్పావు. తేడా రెండు. లాకు ఆరు, శివారు నాలుగు. తేడా రెండు. పన్నెండు రోజుల అంకెలు దొరికాయి, పన్నెండు రోజులూ తేడా రెండే. ఇక సార్వా. రెండున్నర, రెండున్నర, రెండున్నర. నేను ఇంకా చదువుతూనే ఉన్నాను, ఆయన రాయడం ఆపేశారు.

"ఇది ఎన్నాళ్ల నుంచి చెబుతున్నాడు ఆయన?"

"మూడు వారాలుగా సార్. రోజూ రాస్తున్నారు."

"మరి నాకెందుకు తెలియలేదు?"

"మీరు బోర్డు దగ్గరికి రాలేదు సార్."

ఆయన మెమోను మడిచి సొరుగులో పెట్టారు.

మీటింగులో ఎస్ఈ గారి ముందు శివారు ఏఈ గారు గోడవారగా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఈఈ గారు నన్ను లేపి అంకెలు చెప్పమన్నారు. చెప్పాను. దాళ్వాకీ సార్వాకీ మధ్య లాకు దగ్గర ఏదో మారిందన్నాను. గేజీయే తప్పు చూపిస్తోందన్నాను.

డీఈ గారు చెడ్డమనిషి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. "గేజీ తప్పెలా అవుతుందండీ? ఈ ఎండాకాలమే కొత్త గోడ కట్టించి, కొత్త పలక బిగించి, రంగు కూడా వేయించాం గదండి."

"నా అనుమానమూ అదే" అన్నారు ఈఈ గారు.

ఎస్ఈ గారు లేచి, "ఇక్కడ కూర్చుని ఎందుకు, వెళ్లి కొలుద్దాం" అన్నారు. అందరూ జీపుల వైపు నడిచారు. అలవాటు ప్రకారం నేను నా గదివైపు తిరిగాను. ఈఈ గారు వెనక్కి చూసి, "ఎక్కండమ్మా, లెక్క మీదే కదా" అన్నారు. పదేళ్లలో నన్ను గట్టు మీదికి రమ్మన్న మొదటి మనిషి ఆయన.

ఉయ్యూరు దాటి, చెరుకు తోటల పక్కగా వెళ్లాం. లాకు గోడ కొత్త సిమెంటుతో తెల్లగా ఉంది. పలక మీద నల్ల గీతలు ముచ్చటగా మెరుస్తున్నాయి. నీళ్లు సరిగ్గా ఆరు దగ్గర ఉన్నాయి. గేజీకి సున్నా అంటే లాకు అడుగున పరిచిన రాయి. కడ్డీ ఆ రాతి దాకా దించి, తడిసినంత మేర కొలిస్తే అసలు లోతు తెలిసిపోతుంది. లాకు షట్టర్లు చూసే లస్కరు ఇనుప కడ్డీ తెచ్చాడు. నేను దించుతానన్నాను. ఎవరూ వద్దనలేదు. కడ్డీ అడుగు రాతికి టక్కున తగిలింది. పైకి తీసి టేపు పట్టాం.

అయిదున్నర.

ఎస్ఈ గారు ఇంకోసారి కొలవమన్నారు. అయిదున్నర. ఈసారి డీఈ గారు తన చేత్తో దించారు. అయిదున్నర. లస్కరు మెల్లిగా, "పాత గుర్తు కొత్త గోడ కిందికి పోయిందండి. పలక కింది అంచు గోడ అంచుకి సమానంగా ఉంటే చూడ్డానికి బాగుంటదని మేస్త్రీ కాస్త దించి బిగించాడండి" అన్నాడు. పలక అర అడుగు కిందికి దిగింది, అంకె అర అడుగు పైకి ఎక్కింది. ఆ ఆరు చూసుకుని అందరం నెలంతా గుండెల మీద చెయ్యేసుకుని కూర్చున్నాం. దొంగలు ఎవరూ లేరు.

డీఈ గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. శివారు ఏఈ గారు మాత్రం ఆయన వైపు కూడా చూడలేదు. "షట్టర్లు ఎత్తించండి సార్, పొద్దుపోతంది" అన్నారు. ఎత్తించారు. షట్టరు కిందినుంచి నీళ్లు ఉరికిన చప్పుడుకు నాకు అరవాలనిపించింది. ఇంతమంది మగవాళ్ల మధ్య బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడైతే అరిచేదాన్ని.

మర్నాడు శివారు అంకె మూడు ముప్పావు. ఆ మర్నాడు నాలుగు. ఆ నాలుగు కింద ఇరవై మంది ఏఈలు ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ఒకరు కూడా నోటెడ్ అనలేదు.

ఏది మంచిదమ్మా, లిస్టా, న్యూస్‌గ్రూపా అని తరువాత చాలామంది అడిగారు. నేను రెండూ ఉంచాను. మాట్లాడుకోవడం బోర్డు మీద. రోజూ పొద్దున ఆ బోర్డు మీది శీర్షికలన్నీ ఒక్క ఉత్తరంగా కట్టి లిస్టులో అందరికీ, ముందుగా ఈఈ గారికి. బోర్డు లేకపోతే ఆ పెద్దాయన నోరు విప్పేవారు కాదు. ఉత్తరం లేకపోతే ఆయన మాట ఈఈ గారికి వినిపించేది కాదు, వినిపించలేదు కూడా. ఫైలుకు కట్టిన కాగితం లేకపోతే నా గెలుపు లేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. మీరు ఏ గ్రూపు పెట్టినా పెట్టండి. అందులో అందరికన్నా చిన్న ఉద్యోగి ఎక్కడ నోరు విప్పుతాడో చూసుకుని పెట్టండి.

శివారు అంకె నాలుగు వచ్చిన మర్నాడు ఈఈ గారు నా గదికి వచ్చారు. బోర్డు మీదికి ఎలా వెళ్లాలో చూపించమన్నారు. నేను టైపు చేస్తానంటే వద్దన్నారు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట కూర్చున్నారు. ఇంగ్లీషు ఉత్తరాలకు జిల్లాలో పేరున్న మనిషి, ఏఈ గారి లాగే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాశారు:

"శివారు ఏఈ గారికి. మీ లెక్క సరైనది. గేజీ తప్పు. మూడు వారాలు మీ మాట వినకపోవడం నా తప్పు. మెమో చింపేశాను. అందరూ చూడాలనే ఇక్కడ రాస్తున్నాను."

మా శాఖలో ఒక ఈఈ ఒక ఏఈకి నలుగురి ముందు తప్పు ఒప్పుకోవడం అంతకుముందు నేను చూడలేదు, తరువాతా చూడలేదు. మర్నాడు పొద్దున దాని కిందే ఏఈ గారి జవాబు వచ్చింది.

"ఈఈ గారికి నమస్కారం. నారు తేరుకుంది సార్. మూడోసారి చల్లే పని లేదు. మీరూ మేడమ్ గారూ ఒకసారి వచ్చి చూసి వెళ్లండి."

ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఆయన ఒక ఈఈకి తిన్నగా రాసిన మొదటి మాట అది.